పొగ అంచు నుంచి అంగలు లెక్కపెట్టండి

(ఫైర్ సీజన్‌కు ముందు, నల్లమల అంచున బీట్ ఆఫీసర్లు, ఫైర్ వాచర్లు, గేటు సిబ్బంది, రోడ్డు డ్యూటీ పోలీసుల ముందు ఒక విశ్రాంత రేంజ్ ఆఫీసరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ వాచర్లు ముందుకొచ్చి కూర్చోండి. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే, ఎందుకంటే రోడ్డు మీద బోర్డు మోసేది మీరే.

మంట ఎట్లా ఆర్పాలో నేను చెప్పను. ఆకులు ఊదే బ్లోయరు పట్టడం, మంట దాటకుండా ఆకు ఊడ్చి లైను తీయడం, వచ్చే మంటకి మేత లేకుండా గాలి చూసి ఎదురు మంట పెట్టడం మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. చెంచు తమ్ముళ్ళకైతే గాలి ఎటు తిరగబోతోందో ఆకు కదిలే తీరులోనే తెలిసిపోతుంది. నేను మాట్లాడేది ఆ మంట పక్కన పోయే రోడ్డు గురించి, దాని మీద వచ్చే మనిషి గురించి. పిల్లల్ని వెనక సీట్లో నిద్రపుచ్చి, దర్శనం టైముకి అందుకోవాలని వస్తుంటాడు. ముందు మలుపు దాటగానే మనం రోడ్డుకి అడ్డంగా పైపు పరిచి నిలబడి ఉన్నామని అతనికి ఎవరు చెప్పాలి?

నా సర్వీసులో జరిగిన ఒక సంగతి చెబుతాను. దీన్ని నేను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు. అప్పుడు నేను డిప్యూటీ రేంజర్ని. మార్చి నెల, మధ్యాహ్నం మూడు దాటింది. రోడ్డుకి ఎడమ పక్క వెదురు పొదల్లో మంట పట్టుకుంది. నీళ్ళ ట్యాంకరు రోడ్డు మీదే ఆపాం, పక్కన దిగేందుకు చోటు లేదు. జీపులో ఒక రేకు బోర్డు ఉంది. 'బోర్డు పెట్టరా' అని ఒక కుర్రాడికి చెప్పి నేను మంట మీదికి పోయాను. అతను ట్యాంకరుకి ఇరవై అంగల దూరంలో బుద్ధిగా బోర్డు నిలబెట్టి, తనూ వచ్చి మంట కొట్టడానికి కొమ్మ పట్టుకున్నాడు. పావుగంట గడిచిందో లేదో గాలి తిరిగింది. పొగ రోడ్డు మీదికి దిగింది. శ్రీశైలం పోతున్న మోటారు సైకిలు ఒకటి, భార్యాభర్తలు, ఆ పొగలోకి వచ్చి ట్యాంకరు వెనక గుద్దుకున్నారు. ఆయనకి తొడ ఎముక విరిగింది. ఆమెకి తలకి దెబ్బ తగిలింది. ఇద్దరూ బతికారు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన నన్ను తిట్టలేదు. 'సార్, బోర్డు పెట్టామంటున్నారు, ఎక్కడ పెట్టారు?' అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అక్కణ్ణించి నేరుగా ఆ చోటికి పోయి, ఆయన వచ్చిన వైపు నుంచి మలుపు దాకా నడిచాను. బోర్డు ఇంకా అక్కడే ఉంది. మలుపు తిరిగితేగాని కనబడదు. మలుపు తిరిగేసరికి ముందురోజు పొగ అంచు అక్కడే ఉంది. అంటే ఆయన బోర్డునీ, పొగనీ, ట్యాంకరునీ ఒక్కసారే చూశాడు. ఆ కుర్రాడి తప్పు ఏమీ లేదు. ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేదు. నాకూ తెలియదు అప్పటికి. బోర్డు పెట్టడం అంటే పెట్టామని అనిపించుకోవడమే అనుకున్నాను.

ఆ రోజు నుంచి నేను పాటించిన పద్ధతి రెండు మాటల్లో చెప్పొచ్చు. దూరం మంట దగ్గర నుంచి కాదు, పొగ అంచు నుంచి కొలవాలి. బోర్డుకి ఒక మనిషిని కేటాయించాలి, ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు.

మొదట దూరం సంగతి. రోడ్ల కొలతలు, ప్రమాణాలు చెప్పే మన ఇండియన్ రోడ్ కాంగ్రెస్ వాళ్ళ లెక్క ఒకటుంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, డ్రైవరు అడ్డం చూసిన క్షణం నుంచి పూర్తిగా ఆగడానికి 45 మీటర్లు కావాలి. 60 మీద వస్తే 80 మీటర్లు. 80 మీద వస్తే 120. వేగం రెట్టింపయితే దూరం రెట్టింపు కాదు, అంతకంటే బాగా ఎక్కువవుతుంది, గమనించండి. ఇదీ రోడ్డు బాగుండి, బ్రేకులు బాగుండి, కన్ను కనబడుతున్నప్పటి మాట. దిగుడులో ఇంకా ఎక్కువ పడుతుంది. నిండా జనంతో ఉన్న బస్సు, లోడు లారీ సంగతి మీకే తెలుసు.

కాబట్టి బోర్డు చూసి, చదివి, అర్థం చేసుకుని, వేగం తగ్గించి, అప్పుడు పొగలోకి నెమ్మదిగా రావాలంటే బోర్డు ఎంత ముందుండాలి? తిన్నటి రోడ్డు మీద నేను మొదటి బోర్డుని పొగ అంచుకి 300 మీటర్ల ముందు పెట్టించేవాణ్ణి. 60 మీద వచ్చే బండికి అది 18 సెకన్లు. రెండోది సగం దూరంలో. ఘాట్ మలుపుల్లో బండ్లు మెల్లగానే వస్తాయి కాబట్టి 150 సరిపోతుంది, కానీ అక్కడ మలుపే అసలు కొలత. లెక్క ప్రకారం బోర్డు మలుపు తర్వాత పడుతుంటే, లెక్క వదిలేసి మలుపుకి ముందుకి తీసుకుపోండి. ఎత్తు ఎక్కి దిగే చోటయితే ఎక్కే వైపే పెట్టాలి. దిగే వైపు పెడితే ఆ రోజు మేం ట్యాంకరు దగ్గర పెట్టినట్టే.

టేపు ఎక్కడ తెచ్చేది అంటారు. టేపు అక్కర్లేదు. మామూలు మనిషి అంగ ముప్పావు మీటరు ఉంటుంది. 130 అంగలు వేస్తే దాదాపు 100 మీటర్లు. పొగ అంచు దగ్గర నిలబడి, బండ్లు వచ్చే వైపుకి ముఖం పెట్టి, రోడ్డు దిగి పక్కన లెక్కపెట్టుకుంటూ నడవండి. 390 అంగలు అయ్యాక ఆగండి. వెనక్కి తిరిగి చూడండి. అక్కడి నుంచి పొగ కనబడితే మంచిదే. కనబడకపోయినా ఫరవాలేదు, కనబడని దాని గురించి చెప్పడానికే బోర్డు. కానీ బోర్డు మాత్రం వచ్చేవాడికి కనబడాలి. అందుకని ఇంకో యాభై అంగలు ముందుకి పోయి, వంగి, కారు డ్రైవరు కన్ను ఎత్తులో చూడండి. బోద గడ్డి అడ్డం వచ్చిందా? కొమ్మ నీడ పడిందా? అడ్డం వచ్చిన గడ్డి కోసెయ్యండి. ఇది రెండు నిమిషాల పని, ఇది మాత్రం వదలకండి.

ఏ వైపు పెట్టాలి అంటే, మనది ఎడమ వైపు నడిచే రోడ్డు కాబట్టి ఎడమ వైపే. ఎడమవైపుకి తిరిగే మలుపుల్లో, ముందు లారీ ఉంటే వెనక కారుకి ఎడమ బోర్డు కనబడదు. రెండోది ఉంటే కుడి పక్కన కూడా పెట్టండి. రెండు దిక్కుల నుంచీ బండ్లు వస్తాయన్న సంగతి మర్చిపోవద్దు. చాలాచోట్ల చూశాను, జీపు వచ్చిన వైపు మాత్రమే బోర్డు ఉంటుంది, అవతలి వైపు ఖాళీ. గూడెం నుంచి వచ్చే బాట కలిసే చోట కూడా ఒకటి ఉండాలి, ఆ బాటలో వచ్చేవాడు మీ బోర్డులు దాటకుండానే నేరుగా పొగలోకి వస్తాడు.

బోర్డు మీద ఏం రాయాలి? ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఇట్లాంటి బోర్డు చూశాను: 'అగ్నిమాపక చర్యలు జరుగుచున్నవి. వాహన చోదకులు అటవీ సిబ్బందితో సహకరించగలరు.' చూడటానికి చక్కగా ఉంది, తప్పులు లేవు. కానీ ఎవరు చదువుతారు? అంగుళం ఎత్తున్న అక్షరం 30 అడుగుల నుంచి చదవొచ్చని అమెరికావాళ్ళ రోడ్డు గుర్తుల లెక్క. ఆ ప్రకారం ఆరంగుళాల అక్షరం 180 అడుగులు, అంటే 55 మీటర్ల నుంచి కనబడుతుంది. 60 మీద వచ్చే బండి సెకనుకి 16, 17 మీటర్లు పోతుంది. అంటే మూడు సెకన్లు. మూడు సెకన్లలో ఎన్ని మాటలు చదువుతారు? అదీ ఇంగ్లీషు అక్షరం లెక్క. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఆరంగుళాల్లో అవి పోగా అసలు అక్షరానికి మిగిలేది మూడు, నాలుగు అంగుళాలే. 'అగ్ని'లో నకారపు ఒత్తు పొగలో ఎవరికి కనబడుతుంది?

నేను రాయించింది మూడు మాటలే. 'ముందు పొగ. నిదానం.' ఈ మూడింటిలో ఒక్క ఒత్తు లేదు చూడండి. ఇంకో మంచి ఉంది. శివరాత్రికి, ఉగాదికి మన రోడ్డు మీద సగం బండ్లు కర్ణాటక బండ్లు. వాళ్ళకి పొగని 'హొగె' అంటారు, మన నిదానాన్ని 'నిధాన' అంటారు. తెలుగు లిపి, కన్నడ లిపి దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది కూడబలుక్కుంటారు. మహారాష్ట్ర నుంచి వచ్చేవాళ్ళకి అదీ లేదు. అందుకే మాటలకి పైన ఎర్ర అంచు త్రిభుజం తప్పనిసరి. త్రిభుజం చూస్తే ఏ రాష్ట్రం డ్రైవరైనా కాలు బ్రేకు మీదికి తెస్తాడు. అమెరికాలో రోడ్డు పనులకి నారింజ రంగు బోర్డులు, ఇట్లాంటి అనుకోని ఘటనలకి మెరిసే గులాబీ రంగు బోర్డులు వాడే పద్ధతి ఉంది. ఇది మామూలు రోడ్డు పని కాదు, ఇప్పుడే ఏదో జరిగింది అని రంగుతోనే తెలుస్తుంది. నాకు నచ్చిన పద్ధతి అది. మన దగ్గర లేదు, ఉన్నదాన్ని సరిగ్గా వాడదాం.

బోర్డు చుట్టూ రేడియం స్టిక్కరు ఉండాలి, పాతబడి గీతలు పడ్డది కాకుండా. స్టాండు కాళ్ళ మీద ఇసుక మూటలు వెయ్యండి. రాళ్ళు వద్దు. ఎందుకంటే పని అయ్యాక బోర్డు తీస్తాం, రాళ్ళు అక్కడే వదిలేస్తాం. ఆ రాయి మీదికి రాత్రి ఒక బండి ఎక్కుతుంది. ఇంకొకటి, మన దేశమంతా ఉన్న అలవాటు, బండి ఆగిపోతే వెనకాల పచ్చి కొమ్మ విరిచి రోడ్డు మీద పెడతారు. పగలు అది పనికొస్తుందేమో. అడవి మంట దగ్గర ఆ పని చెయ్యకండి. రాత్రి కనబడదు, ఎండితే అదే మంటకి మేత.

ఇప్పుడు మనం పెట్టే మంట గురించి. అవును, మనమే పెట్టేది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోడ్డు పక్క ఆకు కాల్చి ఫైర్ లైన్లు తీస్తాం. పెద్ద మంట వస్తే రోడ్డునే లైనుగా చేసుకుని, రోడ్డు అంచు నుంచే ఎదురు మంట పెడతాం. అది మంచి పద్ధతే. కానీ ఆ పొగ రోడ్డు మీదికి రావడం ఖాయం. అది అనుకోకుండా వచ్చే పొగ కాదు కదా. అగ్గిపుల్ల గీసే ముందే బోర్డులు నిలబడాలి. పెట్టాక పెట్టడం కాదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో 2008 జనవరిలో ఇట్లాగే కావాలని పెట్టిన మంట ఒకటి అదుపు తప్పింది. 9వ తేదీ తెల్లవారుజామున ఆ పొగ, మంచు కలిసి ఇంటర్‌స్టేట్-4 అనే పెద్ద హైవే మీద కమ్ముకున్నాయి. 70 బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఐదుగురు చనిపోయారు. అదే రాష్ట్రంలో 2012 జనవరి 29న ఇంటర్‌స్టేట్-75 మీద ఇంకా ఘోరం. గేన్స్‌విల్ దగ్గర పొగ, మంచు అని పోలీసులు రాత్రి రోడ్డు మూసేశారు. కాస్త తేటబడిందని తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో మళ్ళీ తెరిచారు. తెరిచిన గంటలోపే మళ్ళీ కమ్ముకుంది. పదకొండు మంది పోయారు. 2023 అక్టోబరు 23న న్యూ ఓర్లీన్స్ దగ్గర ఇంటర్‌స్టేట్-55 మీద చిత్తడి నేలల మంట పొగలో 158 బండ్లు చిక్కుకున్నాయి. కనీసం ఏడుగురు చనిపోయారు. దీనికి వాళ్ళు సూపర్ ఫాగ్ అని పేరు పెట్టారు. రగులుతున్న తడి ఆకు నుంచి వచ్చే పొగలో ఆవిరి కూడా ఉంటుంది. అది చల్లటి గాలిలో మంచుతో కలిస్తే ముందు మూడు మీటర్లు కూడా కనబడదట.

మన అడవి చిత్తడి నేల కాదు. అయినా ఇందులో మనకి పనికొచ్చేది ఒకటుంది. ఈ మూడూ చీకటి ఉండగానో, పొద్దుటి పూటో జరిగినవి. పగలు గాలి వాలు ఎక్కుతుంది, పొగ పైకి పోతుంది. రాత్రి చల్లబడ్డాక గాలి వాలు దిగుతుంది, పొగని లోయలోకి, వాగుల్లోకి తోస్తుంది. మంట కిలోమీటరు అవతల ఉన్నా, కల్వర్టు దగ్గర పల్లంలో పొగ పేరుకుంటుంది. సాయంత్రం మీరు పెట్టిన బోర్డు తెల్లవారేసరికి తప్పు చోట ఉంటుంది. శాటిలైట్ అలర్టు 375 మీటర్ల చదరంలో ఎక్కడో వేడి ఉందని చెబుతుంది. పొగ ఏ కల్వర్టు మీదికి దిగిందో అది చెప్పదు. అది చెప్పగలిగేది అక్కడున్న మనిషే.

అందుకే బోర్డుకి ఒక మనిషి కావాలంటున్నాను. అరగంటకొకసారి అతను పొగ అంచు దాకా నడిచి చూడాలి. అంచు జరిగితే బోర్డు జరపాలి. పొగ బోర్డుని దాటిపోయిందంటే ఆ బోర్డు లేనట్టే లెక్క. ఆఫీసర్లకి ఒక మాట: మంట పెరిగినప్పుడు మొదట మీరు లాగేసుకునేది ఈ మనిషినే. 'ఊరికే నిలబడ్డాడు, ఒక బ్లోయరు ఇవ్వండి' అంటారు. నేనూ అన్నాను. అనకండి. అతను ఊరికే నిలబడలేదు.

ఆ మనిషి ప్రాణం గురించి కూడా చెప్పాలి. అతను ఒంటరిగా ఉంటాడు. బోర్డులు పెట్టేటప్పుడు బండ్లు వచ్చే దారిలోనే, వాటితో పాటే వస్తూ, ముందు అన్నిటికంటే దూరపు బోర్డు పెట్టాలి, తర్వాత దగ్గరిది. అప్పుడు రెండో బోర్డు దించుతున్నప్పుడు మొదటిది అతన్ని కాపాడుతుంది. తీసేటప్పుడు దీనికి తిరగేసి, మంట దగ్గరిది ముందు, దూరంది చివర. బండ్లకి వీపు చూపించి నిలబడకూడదు. జెండా పట్టేవాడు రోడ్డు మధ్యలో కాదు, అంచున, వెనక తప్పుకునే చోటు చూసుకుని నిలబడాలి. రాత్రయితే జెండా పనికిరాదు, ఎర్ర లైటు ఉండాలి. జీపు ముఖం బయటికి పోయే వైపు తిప్పి పెట్టండి, తాళం దానికే ఉండనివ్వండి. ఎదురుగా వచ్చేవాడి కళ్ళలోకి మన హెడ్‌లైట్లు పడుతుంటే ఆర్పెయ్యండి, బ్లింకర్లు చాలు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి పోయిన నలుగురు అటవీ సిబ్బంది తిరిగి రాలేదు. వాళ్ళూ మీలాంటి వాళ్ళే. వైర్‌లెస్ సెట్ ఒకటి బోర్డు మనిషి చేతిలో ఉండాలి. సెట్ లేకపోతే మాట వినబడేంత దూరంలో ఇంకొకరు ఉండాలి.

ఇక గేటువాళ్ళు. దోర్నాల గేటు దాటాక శ్రీశైలం దాకా పక్కకి పోయే దారి లేదు. చింతల దగ్గర మంట అని బోర్డు పెడితే, అక్కడి దాకా వచ్చినవాడు ఏం చెయ్యాలి? వెనక్కి తిప్పాలి, ఘాట్‌లో బస్సు తిప్పడానికి చోటేది? మనసు మార్చుకోగలిగే చోట అతనికి తెలియాలి. ఆ చోటు గేటే. అట్లాగే అవతలి వైపు శ్రీశైలానికి ముందుండే శిఖరం గేటు దగ్గర, తెలంగాణలో మన్ననూరు వైపు వాళ్ళ గేటు దగ్గర. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూసే ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో సగం భయం తప్పుతుంది. కానీ శివరాత్రి రోజుల్లో రాత్రిళ్ళు కూడా వదులుతారు. ఆకు రాలి, గడ్డి ఎండి, అడవి అంటుకోవడానికి సిద్ధంగా ఉండేదీ అప్పుడే. కాలినడక భక్తులూ అప్పుడే.

రోడ్డు మూసేటప్పుడు ఎటు పోవాలో కూడా చెప్పాలి. పోర్చుగల్‌లో 2017 జూన్ 17న పెద్రోగావ్ గ్రాండి మంటల్లో 66 మంది చనిపోయారు. అందులో 47 మంది ఎన్-236 అనే ఒకే రోడ్డు మీదా, దాని పక్కనా దొరికారు, చాలామంది కార్లలోనే. దగ్గర్లోని పెద్ద రోడ్డు మూసేశారు. బతికి బయటపడ్డవాళ్ళు కొందరు, మమ్మల్ని ఈ రోడ్డు మీదికి పంపారని చెప్పారు. అక్కడ ఎవరిది తప్పు అనే విషయంలోకి నేను పోను. ఆ రోడ్డు ఫొటోలు చూశాను, అప్పటి నుంచి 'దారి మూసివేయబడినది' అని మాత్రమే రాసిన బోర్డు కనబడితే నాకు మనసు నిలవదు. మూసి ఉంటే, వెనక్కి ఎక్కడికి పోవాలో ఒక బాణం గుర్తు, ఒక ఊరి పేరు ఉండాలి. మంట ఏ పక్కకి పోతోందో తెలుసుకోకుండా ఆ బాణం గియ్యకండి.

(సభలో నుంచి ఒక వాచరు: 'సార్, మేం ఆపితే ఆగరు. హారన్ కొట్టుకుంటూ పోతారు. మా మాట ఎవరు వింటారు?')

నిజం చెప్పావు తమ్ముడూ. ఆగరు. ఎందుకు ఆగరంటే, నేనొకసారి ఇదే రోడ్డు మీద పోతుంటే 'ముందు పొగ' బోర్డు కనబడింది. బండి మెల్లగా నడిపాను. రెండు కిలోమీటర్లు పోయాను, పొగ లేదు, మంట లేదు. మంట ఆరి మూడు వారాలైందని తర్వాత తెలిసింది. ఆ మూడు వారాలు రోజూ ఆ రోడ్డు మీద తిరిగే బస్సు డ్రైవర్లు ఏం నేర్చుకున్నారు? ఈ బోర్డుకి అర్థం లేదని నేర్చుకున్నారు. మళ్ళీ నిజంగా పొగ ఉన్నరోజు నువ్వు చెయ్యి అడ్డం పెడితే వాళ్ళు ఎందుకు ఆగుతారు? నీ మాట వినకపోవడానికి కారణం నువ్వు కాదు, మేం వదిలేసిన బోర్డు. పని అయిపోతే తీసెయ్యాలి. గంట సేపే పని ఆపినా బోర్డు తిప్పి పెట్టాలి, లేదా గోనె సంచి కప్పాలి. నీకు ఒంటి మీద రేడియం జాకెట్టు, చేతిలో విజిలు, పక్కన ఒక పోలీసు ఉండేట్టు చూడమని ఇక్కడున్న సార్లని నీ తరఫున నేను అడుగుతున్నాను. ఎస్సై గారు తలూపుతున్నారు, సంతోషం.

ఒక్క విషయం చెప్పి వదిలేస్తాను. రెండు పక్కలా అంటుకుంటే జింకలు, దుప్పులు, ఎలుగులు రోడ్డు మీదికే వస్తాయి. మంట లేని చోటు వాటికి అదొక్కటే. నిదానంగా వచ్చే బండి వాటికీ మేలు.

ఎండ ముదరకముందే బయటికి పోదాం. జీపులో నాలుగు బోర్డులు, ఎనిమిది ఇసుక మూటలు ఉన్నాయి. అదిగో ఆ మర్రిచెట్టు నీడని పొగ అంచు అనుకోండి. దోర్నాల వైపు ఇద్దరు, అవతలి వైపు ఇద్దరు. మలుపు ఎక్కడుందో ముందు చూసుకోండి, తర్వాత అంగలు లెక్కపెట్టండి. నేను అటు నుంచి కారులో వస్తాను.